సభాసదుల పాలు



ఎవరి పేర ఈ ధర్మనిధి యేర్పడినదో ఆ మాస్టారు జీవించియున్న కాలమున మా యూరి గ్రంథాలయములో ప్రతి శనివారము సాయంకాలము ఒక చర్చాగోష్ఠి జరుగుచుండెడిది. చదువుకొన్నవారును, చదువు మానుకొన్నవారును, పొగాకు బేరగాండ్రును, పురోహితులును, ఆఖరు బస్సు తప్పిపోయిన పొరుగూరివారును అందు కూర్చుండెడివారు. మాస్టారు దానికి పెట్టిన నియమము ఒక్కటే. ఎదుటివాని మాటకు జవాబు చెప్పదలచినవాడు మొదట ఆ మాటను తన నోట మరల చెప్పవలెను. ఎదుటివాడు ‘ఔను, నేనన్నది అదే’ యని తల యూపిన పిదపనే జవాబునకు అనుమతి. ఈ నియమము మూలమున మా గోష్ఠులు మిక్కిలి నెమ్మదిగా నడచెడివి. ఎనిమిది గంటలకు తలుపులు మూయువేళకు ఒక్కొక్కనాడు పూర్వపక్షమే ముగిసెడిది కాదు. కాని కోపముతో లేచినవాడు ప్రత్యర్థి మాటను ఒప్పచెప్పబోయి, సగములో తాను విన్నది వేరు, అతడన్నది వేరు అని గ్రహించి, నవ్వుకొని కూర్చుండుట నేను పలుమారులు చూచితిని. ఆ నియమమునకు న్యాయశాస్త్రమున మూలమున్నదని నాకు చాల యేండ్లకుగాని తెలియలేదు.

నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము వాదమర్యాద. మాస్టారు నాకు నేర్పిన విద్యలలో నేను సరిగా పట్టుకొనలేనిది ఇదియే యని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. ఆ సంగతి దాచక ముందుగా చెప్పెదను.

ఫోనులలో నడచు పద్యాభిమానుల గ్రూపొకదానియందు నేను కొన్ని యేండ్లుగా సభ్యుడను. అందున్నవారు రెండువందల పైచిలుకు. అధికులు ఉపాధ్యాయులు, బ్యాంకు కొలువులనుండి విరమించినవారు, ఇద్దరు ముగ్గురు అవధానులు, డల్లాసులోను మెల్బోర్నులోను స్థిరపడి తెలుగుమీద బెంగ పెట్టుకొన్న మన పిల్లలు. ఒకనాటి సాయంకాలము, మందుల దుకాణములో పనిచేయు ఒక యువతి, తన తల్లి కుట్టుమిషనును గూర్చి వ్రాసిన ఆటవెలది నొకదానిని అందు పెట్టినది. రెండవ పాదము మొదట నకారముండగా నాలుగవ గణము మొదట మకారము పడి యతి చెడినది. తక్కిన మూడు పాదములు నిర్దుష్టములు. నాలుగవ పాదమున, రాత్రి వేళ మిషను చప్పుడు ఆగిననాడు ఇంట భయము పుట్టెడిదను భావము, చేయి తిరిగినవారికిని ఈర్ష్య గొల్పునట్టిది.

మొదటి జవాబు రెండు నిమిషములలో వచ్చినది. వ్రాసినవారు పేరున్న పండితులు. ఇంట మిషనుండగా పద్యముల జోలి యెందుకు, జాకెట్లు కుట్టుకొనరాదా యని వారు వ్రాసి, చివర ఒక నవ్వుబొమ్మ నుంచిరి. ఆ బొమ్మ క్రింద పదునొకండు బొటనవ్రేళ్లు లేచినవి. తరువాత నొకరు ఆమె ఇంటిపేరేమని యడిగిరి; ఆ ప్రశ్న దేనికొరకు అడుగబడునో తెలుగువారికి నేను వివరింపనక్కరలేదు. మరియొకరు ఆమె ఫోటోను గూర్చి ఒక మాట యనిరి. ఇంకొకరు స్క్రీన్‌షాట్ తీసి వేరొక గ్రూపునకు పంపి, అచ్చటి పరిహాసములను మరల ఇచ్చటికి మోసికొని వచ్చిరి. పడుకొనబోవు వేళకు జవాబులు నలుబదియొకటి. వానిలో యతిని గూర్చి ముచ్చటించినవి రెండు. మనవారు ఈ పనికి ‘ఆడుకొనుట’ యని పేరు పెట్టినారు. ఆటయన్నచో ఇరుపక్షములుండును, ఇందు ఒక పక్షము బంతి.

ఆ సాయంకాలమంతయు నేను ఫోను చేతబట్టుకొనియే యుంటిని. ‘యతి తప్పినది గాని నాలుగవ పాదము చాల బాగున్నదమ్మా’ అని యొక వాక్యము టైపు చేసితిని. చేసి, ఎందుకు వచ్చిన గొడవ యని చెరిపివేసితిని. మరునాడుదయము చూడగా పద్యమున్న చోట సందేశము తొలగింపబడినదను పంక్తి యొకటియు, దాని క్రింద ఆమె గ్రూపును విడిచినట్లు చిన్న యక్షరములును ఉన్నవి. ఆ క్రింద ఎవరో పెట్టిన గులాబీపువ్వు, శుభోదయము. దానికి అడ్మిన్‌గారు తత్క్షణమే అభ్యంతరము తెలిపిరి; శుభోదయములు మా గ్రూపున నిషిద్ధములు.

ఇప్పుడు శాస్త్రమునకు వత్తును. గౌతముని న్యాయసూత్రములలో మొదటి సూత్రము పదునారు పదార్థములను పేర్కొనును. వానిలో చివరి యేడు, అనగా వాదము, జల్పము, వితండ, హేత్వాభాసము, ఛలము, జాతి, నిగ్రహస్థానము అనునవి, మనుష్యులు ఒకరితో నొకరు ఎట్లు వాదింతురో, ఎట్లు వాదింపరాదో చెప్పునవియే. మోక్షమునకు దారి చూపెదనని యారంభించిన శాస్త్రము తన పదార్థములలో దాదాపు సగము మాటల తగవునకు కేటాయించుట చూచినపుడు, ఆ ఋషి సభలలో ఎంత విసిగియుండెనో గదా యని నాకు తోచుచుండును. తత్త్వము తెలియగోరి చేయునది వాదము. గెలువగోరి చేయునది జల్పము. తనకొక పక్షమే లేక ఎదుటివాని పక్షమును కూల్చుటే పనిగా పెట్టుకొన్నది వితండ. జల్పవితండలను సైతము ఆయన పూర్తిగా త్రోసిపుచ్చలేదు. మొలకలను కాపాడుటకు ముండ్లకంప చుట్టినట్లు, నిశ్చయించుకొన్న తత్త్వమును రక్షించుకొనుటకు అవి పనికివచ్చునని చెప్పినాడు. మన కాలమున ముండ్లకంప ఎకరాలకొలది పెరిగినది, మొలక మాత్రము వెదకినను కానరాదు.

ఛలమునకు భాష్యకారుడు వాత్స్యాయనుడు చెప్పిన ఉదాహరణము మీలో పెక్కురెరుగుదురు. ‘నవకంబలుడు వచ్చినాడు’ అని యొకడు, క్రొత్త కంబళి కప్పుకొన్నవానిని చూపి చెప్పును. వెంటనే వేరొకడు, ‘తొమ్మిది కంబళులెక్కడివి, ఒక్కటే కదా యున్నది’ అని నిలదీయును. నవశబ్దమునకు రెండర్థములున్నవని తెలియనివాడు ఈ మాట యనడు, తెలిసినవాడే యనును. అదియే ఛలము. ఇరువదిరెండు నిగ్రహస్థానములలో, అనగా వాది ఓడినట్లు లెక్కింపదగిన స్థానములలో, నేటి చర్చలకు పేరుపెట్టి పిలిచినట్లుండునవి కొన్ని కలవు. తనపై మోపిన దోషమును పరిహరింపక ‘నీలోను ఆ దోషమున్నది’ అనుట మతానుజ్ఞ. ప్రస్తుతవిషయమును విడిచి సంబంధములేని మాటకు దుముకుట అర్థాంతరము. వాదము తనకు వ్యతిరేకముగా నడచుచుండగా ‘నాకు వేరే పనియున్నది’ అని లేచిపోవుట విక్షేపము. సభ విని గ్రహించిన ప్రత్యర్థివాక్యమును, అతడు ముమ్మారు చెప్పినను, తిరిగి చెప్పలేకపోవుట అననుభాషణము. మా మాస్టారి నియమమునకు వేరు ఇదియే.

ఆ ఇరువదిరెండింటిలో తిట్టు లేదు. నేను విద్యార్థిదశలో ఇది లోపమనుకొంటిని. ఇప్పుడు వేరుగా తోచుచున్నది. నిగ్రహస్థానమనగా వాదములో చేసిన తప్పు. తిట్టినవాడు వాదములో లేడు. అతడు ఓడినాడని చెప్పుటకైనను మొదట అతడు వాదిగా కూర్చుండవలెను గదా. అట్టివానిని ఏమి చేయవలెనన్నది తార్కికుల పని కాదు, సభ పని.

సభను గూర్చి మాటలాడినవాడు చరకుడు. వైద్యుడు వైద్యునితో చేయు సంభాషణమును ఆయన విమానస్థానమున రెండుగా విభజించి, కలిసి తెలిసికొనుటకు చేయునది సంధాయసంభాష యనియు, ఎదిరించి గెలుచుటకు చేయునది విగృహ్యసంభాష యనియు చెప్పినాడు. రెండవదానికి దిగబోవువాడు ముందుగా తన బలమును, ప్రత్యర్థి బలమును, అంతకు మించి పరిషత్తును పరీక్షించుకొనవలెనట. తెలిసిన పరిషత్తు, తెలియని పరిషత్తు అని రెండు; ఒక్కొక్కటి మరల మిత్రము, ఉదాసీనము, ప్రతికూలము అని మూడేసి. తెలియనిదియు ప్రతికూలమైనదియునగు పరిషత్తులో ఎవ్వరితోను వాదింపవలదని ఆయన నిర్ణయము. ఆ మందుల దుకాణపు పిల్ల చరకుని చదువలేదు; చదివియుండినచో మా గ్రూపును ఏ వర్గమున చేర్చెడిదో. మేము తెలియనివారము కాము. ప్రతికూలురము అందరము కాము. మాలో నూటికి తొంబదిమంది ఉదాసీనులము. చరకుడు ఉదాసీనపరిషత్తును ప్రమాదకరమైనదిగా చెప్పలేదు. ఇక్కడ ఆయనతో నాకు పేచీ కలదు.

పూర్వులు మర్యాదామూర్తులనియు మనము చెడిపోయితిమనియు చెప్పుటకు నేను రాలేదు. ప్రౌఢదేవరాయల ఆస్థానమున గౌడడిండిమభట్టును గెలిచి శ్రీనాథుడు అతని కంచుఢక్కను పగులగొట్టించెనను కథ మనకు గర్వకారణము. ఢక్క పోయినవాడు ఆ రాత్రి ఎట్లు నిద్రించెనో అడిగిన తెలుగువాడు లేడు. వేములవాడ భీమకవి పేరు వినిన తోడనే తిట్టుపద్యము గుర్తుకు వచ్చును. తిరుపతి వేంకటకవులకును కొప్పరపు కవులకును నడచిన స్పర్ధలో ఇరువైపులనుండి పడిన మాటలు సుతిమెత్తనివి కావు. అయినను ఒక భేదమున్నది. తిట్టదలచినవాడు యతి కుదురువరకు ఆగవలసి యుండెడిది. ప్రాస దొరకునప్పటికి కోపము సగము చల్లారెడిది. చల్లారక మిగిలినది పద్యమయ్యెడిది. అంతర్జాలపు తొలినాళ్లలో, 1995 అక్టోబరున ప్రకటితమైన మర్యాదాసూత్రముల పత్రమొకటి, ఆవేశముతో వ్రాసిన జవాబును ఒక రాత్రి ఆపి పంపుమని హితము చెప్పినది. యతిప్రాసలు ఊరకే చేసిపెట్టిన పనిని వారు నియమముగా వ్రాయవలసి వచ్చెను. ఆ నియమమును ఎవరు పాటించినారో మీకు తెలియును.

గ్రాంథిక వ్యావహారిక వివాదమును కూడ ఇక్కడ తలచుకొనవలెను. గిడుగు రామమూర్తిగారి మీద పడినన్ని మాటలు మన దేశమున మరియొక భాషావేత్త మీద పడియుండవు. సవరల భాష నేర్చుటకై కొండలలో తిరిగి, మలేరియా తగిలి, క్వినైను మ్రింగి చెవులు పోగొట్టుకొన్న మనిషి ఆయన. 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు ఆయనకు ఎదురు నిలిచినది. 1919లో ఆయన ‘తెలుగు’ అను పత్రిక పెట్టి జవాబు చెప్పినారు. ఆయనయు పరిహాసమునకు వెనుదీయలేదు; ‘ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజము’ అను గ్రంథము పేరులోనే వెక్కిరింత యున్నది. కాని ఆయన వెక్కిరించినది పండితుల వాక్యములను. గ్రాంథికవాదులు తమ వ్యాకరణమునకు తామే కట్టుబడలేదని వారి రచనలనుండియే ఉదాహరణములు తీసి చూపినారు. ఎవరి ఇంటిపేరుతోను ఆయనకు పని లేకపోయెను. ఆ మహానుభావుని స్మరించుచు నేను ఈ భాషలో మాటలాడుట ఆయనకు రుచింపదని యెరుగుదును; మాస్టారు వ్రాయించిన ధర్మనిధి పత్రమున ‘శిష్టగ్రాంథికమున’ అని యున్నది గనుక నా దోషము క్షంతవ్యము.

మన అవధానవిద్యలో ఒక విశేషము కలదు. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులలో ఒకనికి అప్రస్తుతప్రసంగము అప్పగింతురు. అవధాని నిషిద్ధాక్షరితో కుస్తీ పట్టుచుండగా, ‘అయ్యా, మీ ఇంట నిన్న ఏమి కూర?’ అని యడుగుట అతని విధి. సభను నవ్వింపవలెను, అవధానిని చికాకుపరుపవలెను, అవమానింపరాదు. చర్చను చెడగొట్టువాడు ఎట్లును ఉండునని గ్రహించి, వానికొక కుర్చీ వేసి, ఒక హద్దు గీచి, ఎనిమిదింట ఒక వంతు మాత్రమే యిచ్చిన జాతి మనది. ఆ సాయంకాలము మా గ్రూపున ఎనిమిది కుర్చీలలోను అప్రస్తుతప్రసంగులే కూర్చుండిరి.

ముఖము కనబడకపోవుటయే ఈ రోగమునకు కారణమని చాలమంది నమ్మకము. అమెరికా మనస్తత్త్వవేత్త జాన్ సూలర్ 2004లో, తెర వెనుక మనుష్యుల కట్టుబాట్లు ఎందుకు సడలునో చెప్పుచు ఆరు కారణములు చూపినాడు. పేరు దాగియుండుట అందొకటి మాత్రమే. ఎదుటివాడు కనబడకపోవుట, జవాబు తత్క్షణము రాకపోవుట, పెద్దరికమునకు విలువ తగ్గుట మున్నగునవి తక్కినవి. దక్షిణ కొరియాలో 2007లో పెద్ద వెబ్‌సైటులలో వ్రాయువారు తమ నిజమైన గుర్తింపును చూపి తీరవలెనని శాసనము చేసిరి. అయిదేండ్లకు, 2012 ఆగస్టున, ఆ దేశపు రాజ్యాంగన్యాయస్థానము దానిని కొట్టివేసినది. ఆశించిన మేలు కనబడలేదు, వాక్స్వాతంత్ర్యమునకు కీడు మాత్రము కనబడినది. అంత దూరమేల? మా గ్రూపున ప్రతివానికి పేరున్నది, ఫోనునంబరున్నది, కొందరికి బిరుదులు కూడ నున్నవి.

2017లో స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయములవారు ప్రకటించిన పరిశోధన యొకటి నాకు నిద్ర పట్టనీయలేదు. 667 మందిని కూర్చుండబెట్టి, కొందరికి సులభమైన ప్రశ్నలను, కొందరికి తల తిరిగిపోవు ప్రశ్నలను ఇచ్చి, ఆ పిదప ఒక వ్యాసమును చదివించి అభిప్రాయము వ్రాయమనిరి. వ్యాసము క్రింద ముందే మూడు అభిప్రాయములుండెను. కొందరికవి మర్యాదగా, కొందరికి దురుసుగా. మనసు కుదుటబడి, మర్యాదగల మాటలు చూచినవారిలో దురుసుగా వ్రాసినవారు నూటికి 35. మనసు చెడి, దురుసుమాటలు చూచినవారిలో 68. మూడే మూడు వాక్యములు, ఒక చెడ్డ సాయంకాలము. ట్రోలింగ్ చేయువారు వేరే జాతివారని అనుకొని నిశ్చింతగా నుండుటకు వీలులేకపోయినది. మా గ్రూపున మొదటి జవాబుగా ఆ జాకెట్ల మాట వచ్చినది. నా వాక్యము వచ్చియుండవలసినది.

చట్టము సంగతి ముగించెదను. చికాకు కలిగించు సందేశమును సైతము నేరముగా చూచిన సమాచారసాంకేతిక చట్టపు 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసినది. తీర్పిచ్చిన యిద్దరు న్యాయమూర్తులలో ఒకరు మన కృష్ణాజిల్లాలో జన్మించిన చలమేశ్వరుగారు. చర్చ, ప్రబోధము, ఉసిగొల్పుట అని మూడింటిని విడదీసి, మూడవదానియొద్దనే చట్టము అడుగు పెట్టవలెనని వారనిరి. ఆ తీర్పు సరియైనది; చికాకును శిక్షింప బూనిన రాజ్యము తనకు చికాకు కలిగించినవారినే మొదట పట్టుకొనును. స్త్రీని వెంటాడి వేధించుటకు, బెదిరించుటకు వేరు సెక్షనులున్నవి, ఉండవలెను. 2021 నాటి నియమముల తొలి రూపమున, ఫిర్యాదు అందినదని వేదికలవారు 24 గంటలలో తెలుపవలెననియు, 15 దినములలో పరిష్కరింపవలెననియు నుండెను. జాకెట్లు కుట్టుకొమ్మనుట ఏ సెక్షను క్రిందికిని రాదు. వచ్చినను, దినములు గడచిన పిదప దొరకు న్యాయము ఆ రాత్రికి పనికిరాదు.

కావున నేను భారతమందలి సభాపర్వమునకు పోవలసి వచ్చినది. ద్రౌపది యడిగిన ప్రశ్నకు భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. వికర్ణుడొక్కడు లేచి మాటలాడగా కర్ణుడు పసివాడవని గదిమి కూర్చుండబెట్టెను. నేటి గ్రూపులలో వికర్ణులకు లభించు సత్కారము ఇదియే. అప్పుడు విదురుడు లేచి, ప్రహ్లాదుని కథ చెప్పినాడు. తన కొడుకు విరోచనునకును, అంగిరసుని కొడుకు సుధన్వునకును నడుమ, ప్రాణములు పణముగా పెట్టిన తగవు తీర్పునకు రాగా, ప్రహ్లాదుడు నోరు పెగలక కశ్యపుని యొద్దకు పోయి, తెలిసియు పలుకనివాని గతి యేమని యడిగెను. కశ్యపుడు చెప్పిన పంపకము నాకు ధర్మశాస్త్రమంతటిలోను అతిభయంకరముగా తోచును. నిందింపదగినవానిని సభ నిందింపనిచో ఆ పాపములో సగము సభాపతికి, పావు చేసినవానికి, పావు చూచుచు నోరు మెదపని సభాసదులకు. నిందింపదగినవానిని నిందించినచో పాపమంతయు చేసినవానికే, తక్కినవారు ముక్తులు. అది వినిన ప్రహ్లాదుడు కన్నకొడుకునకు వ్యతిరేకముగా తీర్పు చెప్పెను.

ఈ లెక్కను మరల చూడుడు. చేసినవాని పాలు పావు, మౌనముగా నున్నవారి పాలు పావు, రెండును సమానము. సగము సభాపతిది. నేటి సభాపతులు కొందరు సముద్రముల కావల అద్దాల మేడలలో నున్నారు. వారి సభలో కలహము పెరిగినకొలది జనము ఎక్కువసేపు కూర్చుందురు, కూర్చున్నకొలది ప్రకటనలు అమ్ముడుపోవును. వారి సగమును వారి ఖాతాలో వ్రాయుటకు నాకేమియు సంకోచము లేదు. కాని మన యిండ్లలోను, వీధులలోను, కళాశాలల పూర్వవిద్యార్థి బృందములలోను సభాపతులు మనవారే. గులాబీపువ్వును క్షణములో పట్టుకొన్న కన్ను నలుబదియొక్క జవాబులను రాత్రియంతయు చూడలేదని నేను నమ్మజాలను.

నా పావును గూర్చి కూడ చెప్పవలెను. మూడు వారములకు, ఆమె నంబరును వేరొకరి ద్వారా సంపాదించి, యతిని సరిచేయుటకు రెండు మార్గములు సూచించి, నాలుగవ పాదము నాకు ఎంత నచ్చినదో వ్రాసి పంపితిని. ‘చాలా సంతోషమండి, అప్పుడు మీరు గ్రూపులో ఉన్నారా?’ అని ఆమె యడిగినది.

ఉన్నానని వ్రాసితిని. రెండు నీలిగీతలు పడినవి. జవాబు రాలేదు.